అత్తాకోడళ్ళం కలిసి చూసొచ్చిన పిట్టల కాపురాలు

కర్నూలు, శుక్రవారం

మార్చి నెలలో రాయలసీమకు సరదాగా ఎవరైనా వెళ్తారా అన్నాడు మా ఆయన. గూళ్ళు కట్టే కాలం మన సెలవుల్ని బట్టి మారదురా అన్నారు మా అత్తయ్య. ఆవిడ పుట్టి పెరిగింది కర్నూల్లోనే. హైస్కూల్లో నేచురల్ సైన్స్ టీచరుగా రిటైరయ్యాక మెళ్ళో బైనాక్యులర్స్ వేసుకుని చెరువు గట్లంట తిరగడం మొదలుపెట్టారు. ఈసారి ఆవిడ పట్టుబట్టింది ఉమ్మడి కుటుంబం పిట్టల కోసం. అంటే ఒక జంట గుడ్లు పెడితే, సొంత కాపురం పెట్టుకోకుండా ఇంకొన్ని పిట్టలు ఆ జంట పిల్లలకు మేత మోసే రకాలు. ప్రపంచంలో ఉన్న పక్షిజాతుల్లో సుమారు 9 శాతం ఇలా బతుకుతాయని అంచనా. అమెరికా శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్కచ్ 1935లోనే వీటి గురించి రాశాడు. గూటి దగ్గర సాయానికి ఉండేవాళ్ళు అన్న మాట అప్పటిదే.

తెల్లారకముందే తుంగభద్ర ఒడ్డుకు చేరాం. మార్చిలో నదిలో నీళ్ళకన్నా బండలే ఎక్కువ. బండల మధ్య మిగిలిన మడుగుల మీద నలుపు తెలుపు లకుముకి పిట్టలు గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, ముక్కు కిందికి పెట్టి, రాయి పడ్డట్టు నీళ్ళలో పడుతున్నాయి. అత్తయ్య బైనాక్యులర్స్ నా చేతికిచ్చి, "రొమ్ము మీద నల్ల పట్టీలు ఎన్నున్నాయో చూడు. రెండుంటే మగది, మధ్యలో తెగిన పట్టీ ఒకటే ఉంటే ఆడది" అన్నారు. చూసినంతసేపూ రెండు పట్టీలవే ఎక్కువ కనిపించాయి.

అప్పుడు మెట్ల మీద కూర్చుని హైన్స్-ఉల్రిక్ రాయర్ అనే ఆయన కథ చెప్పారు. కెన్యాలో ఈ జాతి లకుముకి పిట్టల్నే ఆయన ఏళ్ళ తరబడి గమనించాడు. అక్కడ ఆడపిట్టలు తక్కువ, మగపిట్టలు ఎక్కువ. పెళ్ళాం దొరకని మగపిట్టలు సాయానికి చేరతాయి. వాటిలో రెండు రకాలున్నాయట. ఒకటి ఆ జంట కొడుకే. మొదటి రోజు నుంచీ అమ్మానాన్నలతో సమానంగా చేపలు మోస్తుంది. రెండో రకం బయటివాడు. గుడ్లు పిల్లలయ్యాక వస్తాడు, తక్కువ తెస్తాడు. విక్టోరియా సరస్సు దగ్గర చేపల కోసం చాలా దూరం పోవాలి కాబట్టి ఆ బయటివాణ్ణి కూడా రానిస్తారు. నైవాషా సరస్సు దగ్గర మేత సులువుగా దొరుకుతుంది, అక్కడ తరిమేస్తారు.

"వాడికేం లాభం అత్తయ్యా?"

"మరుసటేడు ఆ మొగుడు తిరిగిరాకపోతే, ఆవిడ ఎక్కువగా వీణ్ణే కట్టుకుంటుంది."

పక్కన బట్టలు ఉతుకుతున్న ఆమె చెయ్యాపి ఇదంతా వింటోంది. "ఎవరిండ్లలో సంగతమ్మా ఇది?" అంది. పిట్టలదని చెప్తే నమ్మలేదు.

ఊళ్ళోకి వచ్చి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు. బొరుగులు నానబెట్టి చేసే ఉగ్గానిలో నిమ్మరసం, పుట్నాల పొడి సరిగ్గా పడితే దానికి సాటి లేదు. విజయవాడలో దాని పేరుతో అమ్మేదాన్ని ఇకమీద తినను. అత్తయ్య బండి అతనితో మాట్లాడుతుంటే ఆవిడ భాష మారిపోయింది. "ఏమప్పా, బజ్జీ సల్లగుందే" అన్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఆ యాస నేను వినలేదు.

రోళ్ళపాడు, శనివారం

జిల్లాలు విడగొట్టాక ఇది నంద్యాల జిల్లాలోకి పోయింది. అత్తయ్య మాత్రం కర్నూలు జిల్లా అనే అంటారు. నందికొట్కూరు దాటి మిడుతూరు వైపు తిరిగితే శనగ కోసేసిన నల్లరేగడి చేలు, తర్వాత ఉన్నట్టుండి గడ్డిమైదానం. సుమారు 6 చదరపు కిలోమీటర్ల ఈ అభయారణ్యాన్ని 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే ప్రకటించారు.

బట్టమేక పిట్ట మాకు కనపడదని తెలిసే వెళ్ళాం. తెలిసీ అత్తయ్య టవర్ మీద నుంచి చాలాసేపు ఊరికే చూస్తూ నిలబడ్డారు. వాళ్ళ నాన్నగారు చిన్నప్పుడు ఇక్కడికి తీసుకొచ్చి చూపించారట. ఉమ్మడి కాపురాల పిట్టల మధ్య ఈ పక్షి సరిగ్గా వ్యతిరేకం. మగది గొంతు తిత్తి ఉబ్బించి దూరానికి వినపడేలా గుమ్ముమని పిలుస్తుంది, జత కడుతుంది, అంతటితో దాని పని అయిపోయింది. ఆడది ఒంటరిగా నేలమీద సాధారణంగా ఒక్కటే గుడ్డు పెట్టి, ఒక్కతే పొదిగి, ఒక్కతే పెంచాలి. ఆ ఒక్క గుడ్డు కుక్కనోట పడితే ఆ ఏడు కష్టమంతా పోయినట్టే. ఇది అంతరించిపోయే స్థితికి రావడానికి కారణం దాని కాపురం పద్ధతి కాదు. వేట, గడ్డిభూములు చేలుగా మారడం, కరెంటు తీగలు. కానీ అంత నెమ్మదిగా పిల్లల్ని కనే పక్షికి దెబ్బ తగిలితే కోలుకోవడం కష్టం.

కృష్ణజింకలు మాత్రం గుంపులు గుంపులుగా ఉన్నాయి. కంచె బయట టీ ఇచ్చిన పెద్దాయన వాటిని తిట్టని నిమిషం లేదు. "పిట్ట కోసమని పెట్టిరి, పిట్ట పాయె. జింకలు మిగిలె. మా శనగ మిగలక పాయె" అన్నాడు. టీకి డబ్బులు తీసుకోలేదు. మేం తమ్ముడూ అని పిలిచే మా డ్రైవర్ రెండు బిస్కెట్ ప్యాకెట్లు కొని లెక్క సరిచేశాడు.

తుమ్మచెట్ల దగ్గర మాకు కావలసినవి దొరికాయి. బూడిదరంగు పెద్ద బ్యాబ్లర్లు. వాటికి అత్తయ్య పెట్టుకున్న పేరు గోల పిట్టలు. పసుపుపచ్చ కళ్ళు, పొడుగు తోక, తోక అంచున తెలుపు. ఒకటి ఎగిరితే వెనకే ఇంకోటి, ఆ వెనక ఇంకోటి వరసగా ఎగురుతాయి. అన్నీ దిగి ఎండుటాకులు తిరగేస్తుంటే ఒకటి మాత్రం పైకొమ్మ మీద కావలి కూర్చుంది. బ్యాబ్లర్ల గుంపులో మామూలుగా గుడ్లు పెట్టేది ఒక్క జంటే. మిగతావి చాలావరకు ముందు ఈతల పిల్లలు. మన దేశంలో వీటి దాయాది అడవి బ్యాబ్లర్‌ను ఆంథోనీ గాస్టన్ 1970లలో ఢిల్లీలో శ్రద్ధగా గమనించాడు. ఇజ్రాయెల్ ఎడారిలో అమోట్జ్ జహావీ అయితే అరేబియా బ్యాబ్లర్ల వెంట జీవితంలో సగం గడిపాడు.

ఏది మొగుడు, ఏది పెళ్ళాం అని అడిగాను. రెండూ ఒకేలా ఉంటాయి, చూసి చెప్పలేమన్నారు అత్తయ్య. వచ్చిందే జంటల్ని చూడటానికి, తీరా జంట ఏదో తెలియకపోతే ఎట్లా అని మనసులో అనుకున్నాను. ఎండ నెత్తికెక్కింది.

వీరాపురం, ఆదివారం

గుత్తి, అనంతపురం, హిందూపురం మీదుగా చిలమత్తూరు మండలంలోని ఈ ఊరికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఊరు చేరకముందే వాసన వచ్చింది. చింతచెట్లు కనపడకుండా కొంగలు. పసుపు ముక్కు, నారింజ రంగు ముఖం, తోక వైపు గులాబీ రంగు ఈకలు. ఇంటి పెరట్లో చెట్టు, చెట్టునిండా గూళ్ళు, చెట్టు కింద ఒకమ్మ చాటలో వేరుశనక్కాయలు వలుస్తూ ఉంది. పైనుంచి తెల్లగా పడుతూనే ఉంది. ఆమె కొంచెం పక్కకు జరిగి మళ్ళీ వలుస్తుంది.

ఊళ్ళో అందరూ వీటిని సైబీరియా పక్షులంటారు. నిజానికి ఇవి సైబీరియా మొహం చూసినవి కావు. మన ఉపఖండంలోనే నీళ్ళని బట్టి తిరిగే రంగు కొంగలు. అత్తయ్య ఆ మాట అందామని నోరు తెరిచి ఊరుకున్నారు. బయటికొచ్చాక, "అంత దూరం నుంచి మన ఊరే వెతుక్కుంటూ వచ్చాయనుకుని కాపాడుతున్నారు. నేనెందుకు చెడగొట్టాలి" అన్నారు. నాకు అది నచ్చలేదు. నిజం చెప్పినా వాళ్ళు కాపాడతారు, వాళ్ళకు ఆపాటి మనసుంది. కార్లో దీని మీద కాసేపు వాదించుకున్నాం.

"మా ఆడబిడ్డలు పురుటికొచ్చినట్టే అమ్మా" అంది చాటలో కాయలు వలిచే అమ్మ. సంక్రాంతి తర్వాత వస్తాయి, వానలు మొదలయ్యాక పిల్లలతో పోతాయి. గూడు జారి పడ్డ పిల్లను ఎత్తి బతికించినవాళ్ళూ ఉన్నారు. ప్రతి ఏడూ ఆ జంటే ఆ గూటికి వస్తుందని ఆమె గట్టి నమ్మకం. ఈ కొంగలు ఆ ఈతకు జంటగా ఉంటాయి, ఇద్దరూ పొదుగుతారు, ఇద్దరూ మేపుతారు. ఏళ్ళ తరబడి అదే జంటా అంటే చెప్పలేం. ఐరోపాలో తెల్ల కొంగలు మళ్ళీ కలుసుకోవడానికి జంట మీది ప్రేమకన్నా పాత గూటి మీది మమకారమే ఎక్కువ కారణం. ఇద్దరూ అదే గూటికి వస్తారు కాబట్టి మళ్ళీ ఇద్దరే కలుస్తారు.

రాత్రి హిందూపురంలో భోజనం. రాగిసంగటి, పప్పు, ఊరిమిండి. మనిషికి నూట ఇరవై. సంగటి ముద్ద ఎంత కావాలంటే అంత వేశారు. నాకు ఒకటే ఎక్కువైంది. అత్తయ్య రెండు తిన్నారు.

తిమ్మమ్మ మర్రిమాను, సోమవారం

కదిరి నుంచి గూటిబైలుకు ఫోను చూపించిన దారిలో పోతే ఒక క్వారీ ముందు తేలాం. సిగ్నల్ లేదు. మేకలు తోలుకుపోతున్న కుర్రాడు నవ్వి, "అందరూ ఇట్లనే వస్తారక్కా. ఎనక్కి పోయి, చింతమాను కాడ ఎడం పక్కకు తిరగండి" అన్నాడు. ఫోన్లో మ్యాప్ సరిచేసేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఆ కుర్రాడి శ్రమ తగ్గించండి.

చెట్టును చెట్టు అనడం కష్టం. దాదాపు 5 ఎకరాల నీడ. వెయ్యికి పైగా ఊడలు నేలలో దిగి వేటికవి మానులయ్యాయి. 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. మధ్యలో తిమ్మమ్మ గుడి. 1434లో ఆమె భర్త చితి మీద సతి అయిందనీ, చితికి నాటిన గుంజల్లో ఒకటి చిగురించి ఈ మాను అయిందనీ కథ. సంతానం లేని దంపతులు మొక్కుకోవడానికి వస్తారు. మేం ఉండగానే రెండు కొత్త జంటలు ప్రదక్షిణం చేశాయి. పూజారి తిమ్మమ్మ పాతివ్రత్యం చెప్తుంటే అత్తయ్య చేతులు కట్టుకుని విన్నారు. దక్షిణ వేశారు. బయటికొచ్చాక ఒక్క మాటే అన్నారు, "ఆ పిల్లను ఎవరైనా అడిగారో లేదో."

ఆ ఊడల మధ్య పసుపు ముక్కు, తెల్లటి తల ఉన్న బ్యాబ్లర్ల గుంపు. జనానికి అలవాటుపడి చేతికందేంత దూరంలో తిరుగుతున్నాయి. రెండు ఒక ఊడ మీద ఆనుకుని కూర్చున్నాయి. ఒకటి తల పైకెత్తి గొంతు చాపింది. రెండోది ముక్కుతో గొంతు కింది ఈకల్ని ఒక్కొక్కటే మొదలు నుంచి కొసకు దువ్వుతోంది. దువ్వించుకునే దాని కన్ను సగం మూతపడింది. దువ్వడం ఆగగానే కన్ను తెరిచి, తల ఇంకో పక్కకు తిప్పింది, ఇక్కడ కూడా అన్నట్టు. ఇంతలో మూడోది వచ్చి ఇద్దరి మధ్య దూరింది.

ఇలా ఒకదాన్నొకటి దువ్వుకునే జాతుల్లో, పిల్లల పెంపకం ఇద్దరూ పంచుకోవడం, ఆ జంట మరుసటేడు కూడా నిలవడం ఎక్కువని చాలా జాతుల లెక్కలు చూసి 2017లో తేల్చారు. కానీ బ్యాబ్లర్లలో దువ్వుకునేది జంట మాత్రమే కాదు. గుంపంతా దువ్వుకుంటుంది.

మర్రి వేరు మీద కూర్చుని చెనిక్కాయలు తింటూ అసలు విషయం అత్తయ్య ఇక్కడే విడమరిచి చెప్పారు. కొడుకో కూతురో సొంత గూడు మానుకుని ఎందుకు చాకిరీ చేస్తుంది? పుట్టే పిల్లలు తన తోడబుట్టినవాళ్ళు కాబట్టి. తల్లీ తండ్రీ ఇద్దరూ మారకుండా ఉంటే తమ్ముడికీ తనకూ రక్తంలో సగం వాటా కలుస్తుంది. సొంత బిడ్డతో ఉండేదీ అంతే. తల్లి ఏడాదికొకణ్ణి మారిస్తే ఆ వాటా పావుకు పడిపోతుంది, చాకిరీ గిట్టుబాటు కాదు. 2010లో చార్లీ కార్న్‌వాలిస్, ఆయన సహచరులు 267 జాతుల పక్షుల వివరాలు పోల్చి చూస్తే, ఆడపక్షి బయటి మగవాటితో కలవడం తక్కువగా ఉన్న జాతుల్లోనే ఉమ్మడి పెంపకం ఎక్కువగా పుట్టిందని తేలింది. ఫ్లోరిడాలో నీలిరంగు స్క్రబ్ జే పక్షుల్ని 1969 నుంచి గమనిస్తున్నారు. వాటిలో జంట విడిపోవడం అరుదు, ఒకరు చనిపోయేదాకా కలిసే ఉంటాయి. సాయానికి ఉండేవి పాత పిల్లలే. ఊరికే కాదు, మగపిల్లాడికి ఒక్కోసారి ఆ స్థలంలోంచే వాటా పంచి వస్తుంది.

"అయితే పిట్టలే నయం" అన్నాడు డ్రైవర్ తమ్ముడు. వాళ్ళ అన్నతో పొలం గొడవ కోర్టులో ఉందట.

అన్ని చోట్లా ఇలాగే ఉంటే కథ మరీ బాగుండేది. ఆస్ట్రేలియాలో చిన్న నీలిపిట్ట ఒకటుంది. జంట ఏళ్ళ తరబడి కలిసే ఉంటుంది, సాయానికి కొడుకులుంటారు. పిల్లలకు పరీక్ష చేస్తే నాలుగింట మూడొంతుల మందికి తండ్రి ఆ గుంపులోనివాడే కాదు. ఆడపిట్ట తెల్లారకముందే పక్క గుంపు వైపు వెళ్ళివస్తుంది. ఆ మొగుడూ ఆ కొడుకులూ మాత్రం ఆ పిల్లలకే మేత పెడుతుంటారు. ఈ సంగతి అత్తయ్య గుడికి దూరంగా వచ్చాకే చెప్పారు.

పాత అనంతపురం జిల్లా దాటేముందు ఇంకొక్కటి. చాతకపక్షిలా ఎదురుచూడటం అని మనం అనే ఆ చాతకం గుడ్లు పెట్టేది ఈ బ్యాబ్లర్ల గూళ్ళలోనే. బ్యాబ్లర్ గుడ్డు నీలం, చాతకం గుడ్డూ నీలమే. రేచుకుక్కల మీద పరిశోధనకు పేరుపడ్డ ఎ.జె.టి. జాన్‌సింగ్, సహచరుడితో కలిసి 1982లో ఈ తెల్లతల బ్యాబ్లర్ల గురించే రాశారు. గుంపు మొత్తం కలిసి చాతకం పిల్లను సాకడం వాళ్ళు చూశారు. వాన కోసం అంత దీనంగా ఎదురుచూస్తుందని కవులు జాలిపడ్డ పక్షి పిల్లల పని మొత్తం పరాయి ఇంటికి అప్పజెప్పి కూర్చుంటుంది. ఈ జిల్లా రైతుకు అటువంటి సౌకర్యం లేదు.

గువ్వలచెరువు, కడప, మంగళవారం

రాయచోటి నుంచి కడప పోయే దారిలో గువ్వలచెరువు దగ్గర ఆగకుండా పోయినవాళ్ళు ఉండరు. రోడ్డుకు రెండువైపులా పాలకోవా అంగళ్ళు. ఇనప పెనాల్లో పాలు ఇగురుతున్న వాసనకు ఘాట్ రోడ్డు మలుపుల వికారం కూడా పోయింది. ఒక అంగట్లో రుచి చూపించి, ఇంకో అంగట్లో బేరమాడి, మూడో అంగట్లో కొనడం అత్తయ్య పద్ధతి. మూడో అంగడాయన, "అవ్వా, వాళ్ళిద్దరూ మా అన్నదమ్ములే, యాడ కొన్నా ఒకటే" అన్నాడు.

కడపలో పగలంతా గదిలోనే. నలభై డిగ్రీల ఎండ. సాయంత్రం ఎర్రకారం దోసె తిన్నాం, డెబ్భై రూపాయలు. లోపల వెల్లుల్లి ఎర్రకారం, పైన పప్పులపొడి, పక్కన బొంబాయి చట్నీ. ముక్కు కారినా ఆపబుద్ధి కాలేదు.

సిద్ధవటం, బుధవారం

పెన్న ఒడ్డున కోట వెనక ఇసుక గట్టులో బొరియలు. పక్కన కంపచెట్టు కొమ్మ మీద పసిరిక పిట్టలు. పచ్చటి ఒళ్ళు, కళ్ళమీదుగా నల్లగీత, తోక మధ్యలో రెండు సన్నటి పుల్లలు. ఒకటి తూనీగను పట్టి తెచ్చి కొమ్మకేసి అటూ ఇటూ బాదింది. తినలేదు, గూట్లోకీ పోలేదు. మావైపు చూస్తూ అలాగే కూర్చుంది.

"మనకు బొరియ కనపడుతోందని దానికి తెలుసు" అన్నారు అత్తయ్య. మిలింద్ వాట్వే బృందం 2002లో ఇదే జాతి మీద ఈ పరీక్షే చేసింది. మనిషి గూడు కనపడే చోట నిలబడితే లోపలికి పోవడానికి వెనకాడతాయి, గూడు కనపడని చోట నిలబడితే పోతాయి. మనం ఎక్కడున్నామన్నది కాదు, మనకేం కనపడుతోందన్నది లెక్క వేసుకుంటాయన్నమాట. మేం రాతిగోడ వెనక్కి వెళ్ళి అంచు నుంచి తొంగిచూశాం. నిమిషం కాకముందే తూనీగతో బొరియలో దూరింది. వెంటనే ఇంకోటి పురుగుతో వచ్చింది. ఆ తర్వాత మూడోది. మూడోది! ఈ పిట్టలకు సాయగాళ్ళుంటారని మన దేశంలోనే 1993లో రాశారు. అత్తయ్య నా భుజం నొక్కిపట్టారు. గోళ్ళ గుర్తులు సాయంత్రందాకా ఉన్నాయి.

వీటి బంధువుల్లో తెల్లనుదురు పసిరిక పిట్టలు కెన్యాలో ఉంటాయి. స్టీఫెన్ ఎమ్లెన్, పీటర్ రెగె వాటిని చాలాకాలం గమనించారు. జంటలు గట్టివి, సాధారణంగా చావుతోనే విడిపోతాయి. కోడలు మొగుడి వంశంలోకి వచ్చి చేరుతుంది. 1992లో వాళ్ళు రాసింది వింటే మన టీవీ సీరియల్ రాసేవాళ్ళు సిగ్గుపడాలి. సాయం తక్కువైన తండ్రి, కొడుకు కొత్త కాపురం దగ్గరికి పోయి గూటికి అడ్డం కూర్చుంటాడు, కొడుకు పెళ్ళానికి మేత పెట్టబోతే మధ్యలో దూరతాడు. విసిగిపోయిన కొడుకు ఆ గూడు వదిలేసి తండ్రి గూటికొచ్చి చాకిరీ చేస్తాడు. కొడుక్కి పెద్ద నష్టం లేదు, సొంత పిల్లలైనా తమ్ముళ్ళైనా రక్తం లెక్క దాదాపు ఒకటే. మరి కోడలు? ఆమెకు ఆ గూట్లో ఎవరూ రక్తసంబంధం కాదు. ఆమె సాధారణంగా సాయం చెయ్యదు.

"చెయ్యకపోవడమే సరైంది" అన్నాను.

"నేను చేశానమ్మాయ్. మీ మామయ్య తమ్ముళ్ళకు నలుగురికి వండిపెట్టాను. నువ్వూ చేశావు, మొన్న నా కంటి ఆపరేషన్‌కి." ఆవిడ బైనాక్యులర్స్ కళ్ళ దగ్గరనుంచి తీయకుండానే అన్నారు.

అప్పుడే మా ఆయన ఫోన్. పిల్లల యూనిఫాం ఎక్కడుంది, ఎప్పుడొస్తారు అని. ఫోన్ అత్తయ్య లాక్కున్నారు. "ఒంటిమిట్ట దాకా వచ్చి రాముణ్ణి చూడకుండా ఎలా వస్తాంరా? ఇంకో రోజు పడుతుంది. ఫ్రిజ్‌లో దోసెపిండి ఉంది, పోసుకోండి" అని పెట్టేశారు.

డ్రైవర్ తమ్ముడు తల గోక్కున్నాడు. "పెద్దమ్మా, అయితే ఇంకో రోజు బత్తా నాలుగొందలు."

"మూడొందల యాభై" అన్నారు అత్తయ్య.